1,600 లీటర్ల రీఫ్ ట్యాంకు ఇంట్లో పెట్టాలంటే: నేల ముందు, గాజు తర్వాత

మీరు అడిగింది ఇదీ: ఇన్నాళ్లూ 200 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, నడిపారు. ఇప్పుడు 2.4 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తుతో పెద్దది కట్టించాలని ఉంది. గాజు మందం ఎంత ఉండాలి, కింద సంపు (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రమై తిరిగి పైకెళ్లే రెండో తొట్టి) ఎంత పెట్టాలి, నేల మోస్తుందా, పని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. కొలతలు బాగున్నాయి, మార్చకండి. గాజు 19 మిల్లీమీటర్లు, పైన నాలుగు వైపులా అంచు పట్టీలు, మధ్యలో రెండు అడ్డపట్టీలు. సంపు 450 లీటర్లు పట్టేది పెట్టి, అందులో 260 లీటర్లు మాత్రమే నడపండి. మట్టి మీద పోసిన గట్టి కాంక్రీటు నేలయితే సాధారణంగా మోస్తుంది. పై అంతస్తయితే స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద లెక్క వేసి ఇచ్చేదాకా ఏమీ కొనకండి. ఇక మొదలుపెట్టడం గాజుతో కాదు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, మురుగు ఎటు పోతుంది, కరెంటు ఏ లైన్ల మీద వస్తుంది, వెనకాల మనిషి ఎక్కడ నిలబడి పని చేస్తాడు, ఈ నాలుగూ తేలాకే గాజుకు ఆర్డరివ్వాలి. పెద్ద ట్యాంకులు ఎక్కువగా దెబ్బతినేది గాజు పగిలి కాదు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ముందు ఆలోచించకపోవడం వల్ల.

బరువు లెక్క. గాజు మందం, ఇసుక, రాళ్లు తీసేస్తే పై ట్యాంకులో నికరంగా 1,335 లీటర్ల నీళ్లు పడతాయి. ఉప్పునీరు లీటరుకు 1.025 కిలోలు కాబట్టి అది దాదాపు 1,370 కిలోలు. గాజు 340, రాళ్లు 130, ఇసుక 110, స్టాండు ఒక 150. కింద సంపు, అందులో నీళ్లు కలిపి మరో 330. మొత్తం 2,400 కిలోలు దాటుతుంది. ట్యాంకు అడుగు 2.16 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకు 1,100 కిలోలు పైనే. ఇళ్ల గదులను మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తారు. మీ బరువు గదంతా పరుచుకోదు కాబట్టి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి భయపడాల్సిన పని లేదు, ధైర్యపడాల్సిన పనీ లేదు. స్లాబు మందం, లోపలి ఇనుము, దూలాలు ఏ దిక్కుకు వెళ్తున్నాయి అన్నవి తెలిస్తేనే జవాబు తేలుతుంది. పై అంతస్తులో తప్పదనుకుంటే బరువు మోసే గోడను ఆనుకుని, రెండు మూడు దూలాల మీద అడ్డంగా పడేలా పెట్టడం మొదటి సూత్రం. గది మధ్యలో గోడలా నిలబెట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ నేలకు అదే అన్నిటికన్నా కష్టం.

ఎత్తు పెంచాలన్న ఆశ రాకూడదు. గాజు మీద ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది, ట్యాంకులో మొత్తం ఎన్ని లీటర్లున్నాయన్నది దానికి పట్టదు. 70 సెంటీమీటర్ల నీళ్లకు మీ ముందు గాజు మీద పడే మొత్తం తోపు సుమారు 590 కిలోల బరువుతో సమానం. అదే లోతు 85 చేస్తే తోపు ఒకటిన్నర రెట్లవుతుంది, గాజు మందం పెంచాలి, వెలుతురు అడుగుకు చేరడానికి దీపాల శక్తి పెంచాలి. పైగా మనిషి చెయ్యి చంక దాకా ముంచినా 70 సెంటీమీటర్లకు మించి అందదు. ఇసుకలో పడిపోయిన పగడం ముక్కను తీయలేని ట్యాంకు ఏడాది తిరిగేసరికి విసుగు తెప్పిస్తుంది. చోటు, డబ్బు మిగిలితే వెడల్పు పెంచండి. 90 సెంటీమీటర్ల వెడల్పుంటేనే రాళ్ల ముందు ఖాళీ, వెనక ఖాళీ వదిలి లోతు భ్రమ కల్పించగలరు.

గాజు మామూలు అనీల్డ్ గాజే తీసుకోండి. టఫెన్డ్ గాజుకు తర్వాత బెజ్జం వేయడం కుదరదు, డ్రిల్లు తగిలితే మొత్తం ముక్కలైపోతుంది. మందం పెరిగేకొద్దీ మామూలు గాజులో ఆకుపచ్చ ఛాయ ఎక్కువవుతుంది, కాబట్టి ముందు పలకకూ కనిపించే పక్క పలకకూ ఇనుము తక్కువున్న గాజు వాడితే రంగులు నిజంగా కనిపిస్తాయి. అడుగుకూ వెనక్కీ అది దండగ. బెజ్జం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం ఆ బెజ్జం వ్యాసమంత దూరం ఉండాలి. అతుకులకు బూజు మందు కలపని, అక్వేరియాలకు పనికొచ్చే సిలికోనే వాడాలి. స్నానాల గది సిలికోన్‌లో బూజును చంపే రసాయనం ఉంటుంది, అది నీళ్లలోకి దిగుతుంది. 19 మిల్లీమీటర్ల అతుకు లోపలిదాకా ఆరడానికి రెండు వారాలు వదిలేయండి. పైకి ముట్టుకుంటే ఒక్కరోజులోనే గట్టిగా ఉంటుంది, దాన్ని నమ్మి నీళ్లు పోయకండి.

తయారైన 340 కిలోల గాజుపెట్టెను ఇంట్లోకి తేవడం వేరే పని. తలుపు వెడల్పు ఒక్కటీ కొలిస్తే చాలదు. 2.4 మీటర్ల పెట్టె మలుపు తిరగాలంటే ఎంత జాగా కావాలో నేల మీద అట్టముక్కతో తిప్పి చూడండి. మలుపు తిరగకపోతే పలకలు విడిగా తెచ్చి గదిలోనే అతికించుకోవడం మేలు. వాక్యూమ్ కప్పులు, ఎనిమిది పదిమంది మనుషులు, ఒకే ఒక్కడి ఆజ్ఞ. ఇద్దరు ఆజ్ఞలిస్తే పెట్టె మెలి తిరుగుతుంది.

స్టాండు విషయంలో అందరూ రసమట్టం పెట్టి పొడవునా చూస్తారు, మూలమూలకూ చూడరు. ట్యాంకు కొద్దిగా ఒక వైపుకు వాలినా ఓర్చుకుంటుంది కానీ మెలికను ఓర్చుకోదు. నాలుగు మూలల్లో మూడు ఒక తలంలో ఉండి నాలుగోది రెండు మిల్లీమీటర్లు కిందుంటే అతుకులన్నీ రోజూ లాగుడుకు గురవుతాయి. ఎదురెదురు మూలలకు రెండు దారాలు బిగించి, అవి మధ్యలో ఒకదాన్నొకటి ముట్టుకుంటున్నాయో లేదో చూడండి. దిద్దుబాటు చెక్కలు స్టాండు కాళ్ల కింద పెట్టాలి, ట్యాంకుకూ స్టాండుకూ మధ్య ఎప్పుడూ దూర్చకూడదు. అడుగు గాజు నేరుగా ఆనే పెట్టె అయితే 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద 10 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ షీటు పరవండి. అడుగున ఫ్రేము ఉన్న ట్యాంకుకు ఫోమ్ పెట్టకూడదు, బరువు ఫ్రేము మీదే పడాలి. ఇనుప స్టాండయితే ఎపాక్సీ రంగు రెండు పూతలు, గొట్టాల కొసలు మూసి. ఉప్పు తుంపర ఎక్కడ చిన్న గీత దొరికినా లోపలికి పోతుంది.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. సంపు పొడవు ఒకటిన్నర మీటర్లు, స్టాండు కాళ్ల మధ్య సందు 1.1 మీటర్లు. ముందే సంపును లోపల పెట్టి ట్యాంకును పైకెక్కిస్తారు, ఐదేళ్ల తర్వాత సంపు కారితే బయటికి తీసే దారి ఉండదు. మధ్య కాలు నట్లు విప్పి తీసేసేలా చేయించండి, లేదా సంపును పక్క గదిలో పెట్టండి. నన్నడిగితే పక్క గదే. స్కిమ్మర్ (బుడగలతో నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) గిన్నె పైకి ఎత్తడానికి కూడా దాని పైన కనీసం 20 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. అది లేక నెలనెలా స్కిమ్మర్ మొత్తం పీకే వాళ్లున్నారు.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో ముందే లెక్క వేయండి. ఇది మీ ప్రశ్నలో లేదు కానీ ఈ జవాబులో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఇదే. సంపు నుంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపు ఆగగానే పై ట్యాంకు నీళ్లు ఓవర్‌ఫ్లో (నీళ్లు పొర్లి సంపులోకి దిగే పెట్టె) పళ్ల మట్టం దాకా కిందికి దిగుతాయి. అంతటితో ఆగదు, రిటర్న్ గొట్టం మూతి నీళ్లలో మునిగి ఉంటే అదే సైఫన్‌గా మారి మూతికి గాలి తగిలేదాకా వెనక్కి లాగుతూనే ఉంటుంది. మీ ట్యాంకు నీటి ఉపరితలం 2 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు దిగితే 20 లీటర్లు. మూతి 2 సెంటీమీటర్ల లోతున ఉంటే 40 లీటర్లు, గొట్టాల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్న 20 కలిపి 60. మూతి 5 సెంటీమీటర్ల లోతున ఉంటే 120. పది సెంటీమీటర్లయితే 220, అప్పుడు మీ సంపులో ఉన్న 190 లీటర్ల ఖాళీ చాలదు, నేల మీదికొస్తుంది. అందుకే సంపు పరిమాణం ట్యాంకులో ఇంత శాతం అని చెప్పే సూత్రాలకన్నా ఈ కూడిక నమ్మదగ్గది. పైగా ఆవిరైన నీటి బదులు మంచినీళ్లు నింపే ఆటోటాప్ ఇరుక్కుపోయి తన తొట్టి మొత్తం గుమ్మరిస్తే ఆ 60 లీటర్లకు కూడా ఇదే ఖాళీలో చోటుండాలి.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పెడితే సరిపోదా అంటారు. పెట్టినా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక నత్త, కొంచెం సున్నపు పొర, ఒక నాచు పోగు అడ్డం పడితే అది మూసుకోదు. సైఫన్‌ను తెంచడానికి రిటర్న్ గొట్టానికి నీటి మట్టం దగ్గర వేసే చిన్న బెజ్జం కూడా అంతే, నెలకోసారి పూడుకుంటుంది. మూతినే పైన పెట్టడం ఒక్కటే పూడుకోని ఉపాయం.

కిందికి నీళ్లు దించడానికి మూడు గొట్టాల పద్ధతి, అంటే హాబీలో బీన్ యానిమల్ అని పిలిచేది, ఈ సైజుకు తప్ప వేరే ఆలోచన వద్దు. మొదటి గొట్టం నిండుగా సైఫన్‌లా పారుతుంది, దానికి గేట్ వాల్వు. రెండోది తెరిచిన గొట్టం, అందులో చిన్న ధార మాత్రమే జారుతుంది. మూడోది ఎప్పుడూ పొడిగా ఉండే ఆపద్ధర్మ గొట్టం. మూడూ 40 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో. మొదటిదానికి బాల్ వాల్వు పెడితే వెంట్రుకవాసి తిప్పుడుకే మట్టం మారిపోతుంది, అందుకే గేట్ వాల్వు అన్నాను. సరిగ్గా సర్దితే చప్పుడుండదు. మూడో గొట్టంలో నీళ్ల చప్పుడు వినిపించిందంటే మొదటిదాంట్లో ఏదో అడ్డం పడిందని అర్థం. అలా చప్పుడు చేయడమే దాని ఉద్యోగం.

రిటర్న్ పంపు కొనేటప్పుడు డబ్బా మీద అంకె చూడకండి, అది సున్నా ఎత్తుకు రాసింది. ఎత్తు, మలుపులు కలిపితే మీకు దాదాపు 2 మీటర్లు పడుతుంది. పంపు గ్రాఫులో 2 మీటర్ల దగ్గర గంటకు 6,000 లీటర్లు ఇచ్చేది చాలు. గొట్టం 40 మిల్లీమీటర్లు. 32కు దించితే అంతే నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పరిగెత్తాలి, చప్పుడూ నష్టమూ పెరుగుతాయి. పంపుకు రెండు వైపులా యూనియన్లు పెట్టండి, పీకి కడగడానికి. పంపు దగ్గర అర మీటరు మెత్తటి ట్యూబు పెడితే ప్రకంపనలు గొట్టాల్లోకి పాకవు. రిటర్న్ లైను మీద వాల్వులతో రెండు మూడు టీ ఆకారపు జాయింట్లు ఖాళీగా వదిలి మూసి ఉంచండి. రియాక్టరో (రసాయన పదార్థం గుండా నీటిని పంపే గొట్టం), చిల్లరో (నీటిని చల్లబరిచే యంత్రం) ఎప్పుడో ఒకప్పుడు కావాలంటారు, అప్పుడు రంపం పట్టుకోవాల్సిన పని ఉండదు.

గాజు బెజ్జంలో గొట్టాన్ని పట్టి ఉంచే బల్క్‌హెడ్ రబ్బరు వాషరు అంచు ఉన్న వైపే పడాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించి పైన పావు చుట్టు, అంతే. వాషరుకు సిలికోన్ పూస్తే అది జారి పక్కకు తప్పుకుంటుంది. పీవీసీ జిగురు వేశాక ఒక రోజంతా ఆగండి. నీళ్లు తగిలే చోట ఇత్తడి, రాగి, జింకు పూత ఇనుము ఏవీ ఉండకూడదు. స్టెయిన్‌లెస్ క్లిప్పులు కూడా ఉప్పునీళ్లలో కొన్నాళ్లకు తుప్పు కక్కుతాయి.

కరెంటు గురించి ఇంకొంచెం. మొత్తం వాడకం దీపాలు, హీటర్లు, చిల్లర్ కలిపి ఒకేసారి 2.5 కిలోవాట్ల దాకా పోవచ్చు. రెండు వేరువేరు లైన్లు లాగించండి, ఒక్కోదానికీ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు. నీటిని కదిలించే పరికరం రెండు లైన్ల మీదా ఒక్కొక్కటైనా ఉండాలి. అన్నీ ఒకే బ్రేకరు మీదుంటే మీరు ఊళ్లో లేనప్పుడు ఒక పాత హీటరు లీకేజీతో బ్రేకరు పడిపోయి మొత్తం ఆగిపోతుంది. కరెంటు పోతే చేపలను ముందు చంపేది చలి కాదు, ప్రాణవాయువు తగ్గడం. నిండుగా చేపలున్న ట్యాంకులో కొన్ని గంటలే గడువు. అందుకని వేవ్‌మేకర్లలో (ట్యాంకు లోపల నీటిని కదిలించే పంపుల్లో) కనీసం రెండు డీసీవి తీసుకుని వాటికి బ్యాటరీ బ్యాకప్ ఇవ్వండి, ఒకటి నీటి పైపొరను కదిలించేలా తిప్పి పెట్టండి. ప్లగ్గులు సంపు ఉన్న అరలో వద్దు. ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, జారిన చుక్క కింద పడిపోయేలా.

హీటర్లు 300 వాట్లవి మూడు. 900 వాట్లది ఒకటి ఎందుకు వద్దంటే, హీటరు పాడైతే ఎక్కువసార్లు ఆన్‌లోనే ఇరుక్కుంటుంది. మీ మొత్తం నీళ్లు 1,600 లీటర్లు. 900 వాట్లు ఆగకుండా కాలితే రెండు గంటలకో డిగ్రీ ఎక్కుతుంది, రాత్రి పడుకుని లేచేసరికి పగడాలు ఉడికిపోతాయి. 300 వాట్లదయితే ఆరు గంటలకో డిగ్రీ, ఈలోగా గదిలోకి పోయే వేడి పోనే పోతుంది. వాటి సొంత థర్మోస్టాట్‌ను 27 దగ్గర పెట్టి, బయటి కంట్రోలరును 25.5 దగ్గర పెడితే ఒకటి పోయినా రెండోది ఆపుతుంది.

వేడి ప్రాంతమైతే ముందు ఫ్యాను పెట్టి చూడండి. ఒక్క లీటరు ఆవిరైతే మీ 1,600 లీటర్లు 0.37 డిగ్రీలు చల్లబడేంత వేడి పోతుంది. ఫ్యాను చాలని రోజులకే చిల్లర్. ఆ చిల్లర్‌ను క్యాబినెట్‌లో పెట్టకండి, తను తీసిన వేడినే తిరిగి పీల్చుకుంటుంది. ఆవిరి మరో సంగతి. రోజుకు 15 నుంచి 20 లీటర్ల నీళ్లు ఇంటి గాల్లోకి వెళ్తాయి. తలుపులు మూసిన గదిలో నెల తిరక్కుండా గోడ మూలల్లో బూజు పడుతుంది. తేమను బట్టి తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను గది కట్టేటప్పుడే పెట్టించుకోండి.

నీళ్లు: ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను తీసేది), నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. 100 గ్యాలన్ల మెంబ్రేన్ కాగితం మీద రోజుకు 380 లీటర్లిస్తుంది, నీళ్లు చల్లగా ఉన్నా ఒత్తిడి తక్కువున్నా బాగా తగ్గుతుంది. మొదటిసారి నింపడానికి ఐదారు రోజులు అనుకోండి. ఉప్పు లీటరుకు సుమారు 37 గ్రాములు, అంటే 60 కిలోలు. బస్తా మీద అంకెను నమ్మి ఒక్కసారే పోయకండి, 55 పోసి కరిగించి కొలిచి మిగతాది కలపండి. లక్ష్యం 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్లతో కాక 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవాలి. తర్వాతి నీటి మార్పిడికి 300 లీటర్ల డ్రమ్ములు రెండు, ఒకటి మంచినీళ్లకు, ఒకటి ఉప్పునీళ్లకు, ఒక పంపు, నాలుగు వాల్వులు. బకెట్లతో 160 లీటర్లు మార్చే ఉత్సాహం మొదటి మూడు నెలలే ఉంటుంది.

ఆటోటాప్‌ను నేరుగా ఆర్‌ఓ గొట్టానికి కలపకండి. ఫ్లోటు ఇరుక్కుంటే నీళ్లకు అంతుండదు. మధ్యలో 60 లీటర్ల తొట్టి ఉంటే ఎంత ఇరుక్కున్నా ఆ 60 లీటర్లే, ఉప్పు 35 నుంచి 33.7కు దిగుతుంది, పగడాలు తట్టుకుంటాయి.

ఉప్పు పోయకముందు మామూలు నీళ్లతో వారం నడపండి. స్టాండు మీద నిండా నింపి రెండు రోజులు అలాగే వదిలి మళ్లీ రసమట్టం పెట్టండి, నేల కొద్దిగా కూర్చుంటుంది. పంపు వేయండి, గేట్ వాల్వు సర్దండి. ఆ తర్వాత మెయిన్ ఆపేయండి. నీళ్లు ఎంతదాకా ఎక్కాయో సంపు మీద చెరగని రంగుతో గీత గీయండి. ఇలా పదిసార్లు చేయండి, ప్రతిసారీ అదే గీత దగ్గర ఆగాలి, తిరిగి ఆన్ చేసినప్పుడు సైఫన్ తనంతట తాను పట్టుకోవాలి. తర్వాత మొదటి గొట్టం మూతికి గుడ్డ కుక్కి, మిగతా రెండూ పూర్తి నీటిని మోస్తున్నాయో లేదో చూడండి. ఈ పరీక్ష చేయనివాళ్లే ఎక్కువ, చేయాల్సింది మాత్రం ఇదే. ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ కాగితం పెట్టి మర్నాడు చూస్తే కంటికి కనపడని చెమ్మ కూడా దొరుకుతుంది.

రాళ్లు అడుగు గాజు మీద ముందు కూర్చోవాలి, తర్వాతే ఇసుక. ఇసుక మీద పెడితే రొయ్యలు, గోబీలు కింద తవ్వేస్తాయి, 40 కిలోల రాయి ఒరిగి గాజును తాకుతుంది. రాళ్లను అక్రిలిక్ కడ్డీలతో గుచ్చి ఎపాక్సీతో కట్టండి. నాలుగు వైపులా గాజుకు 15 సెంటీమీటర్లు వదలండి, అయస్కాంతపు తుడుపుకూ నీటి ప్రవాహానికీ అది కావాలి. 110 కిలోల ఆరగొనైట్ ఇసుకతో మూడున్నర సెంటీమీటర్ల పొర వస్తుంది. ప్రవాహానికి గంటకు 10,000 నుంచి 15,000 లీటర్ల వేవ్‌మేకర్లు నాలుగు. ఒకదానికొకటి ఎదురుగా పెట్టి రాళ్ల వెనక చెత్త పేరుకోకుండా తిప్పుకోండి.

దీపాలు 150 నుంచి 200 వాట్ల ఎల్ఈడీలు నాలుగు, అంటే 60 సెంటీమీటర్ల పొడవుకొకటి. 90 వెడల్పుకు అంచులు కాస్త చీకటిగా ఉంటాయి, అక్కడ మెత్తని పగడాలు పెట్టుకోవచ్చు. పగడాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటరు అద్దెకో అరువుకో తెచ్చుకుని కొలవండి. మెత్తనివాటికి 50 నుంచి 100, ఎల్పీఎస్‌కు (పెద్ద పాలిప్‌ల రాతి పగడాలు) 75 నుంచి 150, ఎస్పీఎస్‌కు (చిన్న పాలిప్‌ల రాతి పగడాలు) 200 నుంచి 350. 40 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం పెంచండి.

సైక్లింగ్‌కు, అంటే చేపల వ్యర్థాలను విరిచే బాక్టీరియాను ట్యాంకులో పెంచడానికి, ఎండు చేపముక్కలు వేసి ఇల్లు కంపు చేసుకోనక్కర్లేదు. 1,600 లీటర్లకు 10 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం (పది లక్షల్లో రెండు భాగాలు) వస్తుంది. అది ఒక్కరోజులో సున్నాకు దిగి, నైట్రైటు కూడా దిగితే సిద్ధమైనట్టే, మూడు నుంచి ఆరు వారాలు. తర్వాత గోధుమరంగు పొర, పచ్చ నాచు, ఒక్కోసారి ఎర్ర బాక్టీరియా పొర వరసగా వస్తాయి. అప్పుడు కంగారుపడి నైట్రేటు, ఫాస్ఫేటు సున్నా చేయకండి. సున్నాలో డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగురు పొర కట్టే సూక్ష్మజీవులు రాజ్యమేలుతాయి, వాటితో పోలిస్తే నాచు చుట్టమే. నైట్రేటు 2 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంచండి.

ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల మోతాదు) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 420 నుంచి 450, మెగ్నీషియం 1,300 నుంచి 1,400. వీటి అంకెల కన్నా నిలకడ ముఖ్యం. పెద్ద ట్యాంకులో ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చూడండి: పగడాలు రోజుకు 1 డీకేహెచ్ తింటే దాన్ని పూడ్చడానికి 48 గ్రాముల సోడియం బైకార్బొనేట్, 42 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేటు కావాలి. ఏడాదికి వంటసోడానే 17 కిలోలు. దానికన్నా ముందు సున్నపు నీళ్లు ప్రయత్నించండి. సంతృప్త సున్నపు తేట నీరు రోజుకు 15 లీటర్లు, అంటే ఆవిరయ్యే నీళ్ల బదులు, పోస్తే దాదాపు 1 డీకేహెచ్ అదే ఇస్తుంది, పీహెచ్ కూడా పెంచుతుంది. కానీ ఆటోటాప్ పంపుతో కాకుండా మెల్లగా చుక్కలేసే డోసింగ్ పంపుతో రాత్రిపూట పోయండి. ఒక్కసారి పది లీటర్లు పడితే నీళ్లు పాలలా తెల్లబడి పీహెచ్ ఎగిరిపోతుంది. ఎస్పీఎస్‌తో నిండాక సున్నం చాలదు, అప్పుడు కాల్షియం రియాక్టరు. మొదటి ఏడాది దాన్ని కొనకండి.

క్వారంటైన్ పెద్ద ట్యాంకుకే ఎక్కువ అవసరం. ఎందుకంటే 130 కిలోల రాళ్ల మధ్య జబ్బు చేప పట్టుబడదు, రాగి మందు అందులో వేయలేరు. తెల్లమచ్చ పురుగు ఒక్కసారి దిగితే చేపలన్నీ బయటికి తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలి, అంటే రాళ్లన్నీ పీకాలి. 200 లీటర్ల ఖాళీ గాజుపెట్టె, స్పాంజి ఫిల్టరు, పీవీసీ ముక్కలు. మీ పాత ట్యాంకు దీనికి సరిగ్గా సరిపోతుంది, అమ్మకండి. కాకపోతే రాగి వేసిన పెట్టెలోని రాయిగానీ ఇసుకగానీ రీఫ్‌లోకి మళ్లీ రాకూడదు. పగడాలను మందులో ముంచి కడిగినా వాటి మీది పురుగుల గుడ్లు చావవు, కాబట్టి పునాది ముక్క కోసేసి కొత్తదానికి అతికించండి. చేపల్లో గొడవపడే టాంగ్‌లను చివరన, వీలైతే అన్నిటినీ కలిపి ఒకేసారి వదలండి.

అరలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఇంకో రిటర్న్ పంపు, ఒక హీటరు, రెండు బల్క్‌హెడ్ వాషర్లు, ఒక ఇంపెల్లర్, 10 కిలోల ఉప్పు. నేల మీద లీకు సెన్సర్లు రెండు, ఒకటి సంపు కింద, ఒకటి ట్యాంకు వెనక.

ట్యాంకు ఏ అంతస్తులో పెడుతున్నారో మీ ప్రశ్నలో లేదు. పై అంతస్తయితే స్లాబు మందం, దూలాల మధ్య దూరం, గోడ ఏ వైపుందో రాయండి. ఇంజనీరు దగ్గరికి ఏ ప్రశ్నలతో వెళ్లాలో చెప్తాను.